చిత్తడి నేలలు, గగన రక్షణ, మన చాళ్ల యుద్ధ జ్ఞాపకములు

చరిత్ర యన్నంతనే మనకు కోటలు, బురుజులు, రాజుల దండయాత్రలు స్ఫురించుట పరిపాటి. ఓరుగల్లు తోరణములను గూర్చియు, గోలకొండ బురుజులను గూర్చియు మన పెద్దలు ఎన్నియో వ్యాసములు వ్రాసిరి. అది సముచితమే. కాని మన తాతతండ్రుల కాలమున జరిగిన రెండవ ప్రపంచ యుద్ధము (1939–1945) కూడ తన కోటలను తాను కట్టి పోయినది. అవి రాతి కోటలు కావు. సముద్రపు టొడ్డున సిమెంటు గుంటలు, ఫిరంగుల నెక్కించిన దిమ్మెలు, ఇసుకలో సగము కూరుకొనిపోయిన చిన్న గదులు. వానిపై శాసనములు లేవు. వానిని గూర్చి పాడిన కవులును లేరు. ఈ వ్యాసమున ఆ గగన రక్షణ కట్టడములను గూర్చియు, వాని నీడలోనే బ్రదికి, వాని వలన రక్షణ పొందజాలని శ్రామిక జనమును గూర్చియు పాఠక మహాశయులకు కొంత విన్నవింప దలచినాము.

నేల కథ

నేడు మనము ముంబాయి యని పిలుచుకొను ఈ మహానగరము ఒకప్పుడు ఏడు దీవుల సముదాయము. పోటు వచ్చినప్పుడు దీవుల నడుమ సముద్రపు నీరు నిండెడిది. ఆటు వచ్చినప్పుడు మోకాలి లోతు బురద మిగిలెడిది. 1771 నుండి 1784 వరకు గవర్నరుగా నుండిన విలియం హార్న్‌బీ కాలమున వర్లీ వైపు గండికి అడ్డముగా ఒక పెద్ద కట్ట నిర్మింపబడినది. హార్న్‌బీ వెల్లార్డు అని దానికి పేరు. ఆ కట్ట సముద్రమును నిలువరించిన పిమ్మట లోపలి పల్లపు నేలలు క్రమముగా ఆరి, పూడి, నివాస యోగ్యములైనవి. మన కామాఠీపురము అట్టి పల్లపు నేలలలోనిదే.

ఆ నేలను పూడ్చి, దానిపై ఊరు నిలిపిన చేతులలో మన వారి చేతులు అనేకములు. నిజాము రాజ్యములోని పాలమూరు, నల్లగొండ, కరీంనగరు ప్రాంతముల నుండి బ్రదుకు తెరువు కొరకు నడచి వచ్చిన తెలుగు కూలీలను ఈ నగరము కామాఠీలు అని పిలిచినది. వారు రాళ్లు మోసిరి, సున్నము కలిపిరి, గోడలు లేపిరి. వారిలో కొందరు గుత్తేదారులై పేరు గడించిరి. మహాత్మా జోతిరావు ఫూలే గారు 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిన వెంకు బాళోజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలగువారు ఈ పేటల వారే యగుట మనకు గర్వకారణము. తరువాతి కాలమున పద్మశాలీ కుటుంబములు పరేలు, వర్లీ ప్రాంతముల బట్టల మిల్లులకు చేరినవి. 1920 తరువాత ప్రభుత్వపు అభివృద్ధి శాఖ వర్లీ, నాయిగాం, డిలైల్ రోడ్డు, శివడీలలో 207 చాళ్లు కట్టగా, వానిలోను మన వారు కాపురములు పెట్టిరి. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. ఆ గదిలో ఒక సంసారము, అటుకపై దేశము నుండి వచ్చిన బంధువులు.

నగరమునకు తూర్పు వైపున ఓడరేవు పెరిగినది. 1880లో ప్రిన్సెస్ డాకు, 1888లో విక్టోరియా డాకు, 1914లో అలెగ్జాండ్రా డాకు తెరువబడినవి. రేవులకు ఉత్తరమున శివడీ వద్ద 1680లో కట్టిన చిన్న కోట యొకటి నేటికిని నిలిచి యున్నది. దాని క్రింద మడ చెట్లు, విశాలమైన బురద మైదానము. ఏటేట రాజహంసలు వచ్చి వ్రాలునది అచ్చటనే. కామాఠీపురము నుండి రేవునకు రెండు మైళ్లు మించదు. రేవు ఏ కాలమున బాగుండిన మన పేటలు బాగుండెను. రేవునకు ఆపద వచ్చిన నాడు మన పేటలు కంపించెను. ఈ సంగతి ముందు చెప్పబోవు వృత్తాంతమునకు మూలము.

ఫిరంగి గుంటల పని

విమానము యుద్ధ సాధనమైన పిమ్మట ఓడరేవును కాపాడుట కొత్త విద్య యైనది. పూర్వము శత్రువు నీటి మీదనే వచ్చెడివాడు. కావున ఫిరంగి నోరు సముద్రము వైపు ఉండిన చాలును. గేట్‌వే ముందర కనిపించు మిడిల్ గ్రౌండ్ దిబ్బ మీది తీర రక్షణ స్థావరము, ఎలిఫెంటా కొండపై నేటికిని యాత్రికులు చూచు పెద్ద ఫిరంగులు ఆ పాత విద్యకు గుర్తులు. విమానము వచ్చిన తరువాత ఫిరంగి నోరు ఆకాశము వైపు తిరిగినది.

బ్రిటిషు సైన్యము వాడిన పెద్ద విమాన విధ్వంసక ఫిరంగి 3.7 అంగుళములది. దాని గుండు 28 పౌనుల బరువు. అది సుమారు 30,000 అడుగుల ఎత్తునకు పోగలదు. తక్కువ ఎత్తున ఎగురు విమానముల కొరకు స్వీడను దేశస్థులు రూపొందించిన 40 మిల్లీమీటర్ల బోఫర్సు ఫిరంగి ఉండెను. అది నిమిషమునకు 120 గుండ్ల వేగముతో పేల్చగలదు. ఎత్తున పోవు విమానమును గురి చూచి కొట్టుట సామాన్యము కాదు. గుండు పైకి చేరుటకు అనేక క్షణములు పట్టును. అంతలో విమానము మైళ్లు దాటిపోవును. కావున ఒక యంత్రముతో ఎత్తును కొలిచి, మరియొక యంత్రముతో విమానము ఎచ్చటికి చేరగలదో లెక్క కట్టి, ఆ ఎత్తున గుండు తనంత తాను ప్రేలునట్లు దాని మూతిలోని కాలమాపకమును తిప్పి, అప్పుడు పేల్చవలెను. ఒక్క ఫిరంగి చుట్టును పదిమంది లెక్క తప్పక పనిచేసిననే గాని ఫలితము లేదు.

ఇట్టి ఫిరంగులకు చిత్తడి నేలలు అనుకూలములని సైనికులు ఎంచిరి. కారణములు తేటతెల్లము. అచ్చట చెట్లు, మేడలు అడ్డురావు. నాలుగు దిక్కుల ఆకాశము కనిపించును. పేల్చిన గుండ్ల పెంకులు తిరిగి పడినను జనావాసములకు కీడు తక్కువ. పైగా రేవులు సహజముగా నదీముఖములందు, బురద నేలల చెంతనే యుండును. చిక్కు ఒక్కటే: బురద బరువును మోయదు. అందుచేత దిగువన మందమైన సిమెంటు పరుపు వేసి, దానిపై ఫిరంగిని బిగించి, చుట్టును గోడ కట్టి, గోడలో గుండ్లకు అరలు పెట్టెడివారు. లండను నగరమునకు దిగువన థేమ్సు నది ముఖద్వారపు చిత్తడి నేలలలో ఇట్టి గుంటలు నేటికిని కలవు. ఆ నదీముఖమున నీటి నడుమ సిమెంటు కాళ్లపై నిలిపిన ఫిరంగి గూళ్లు 1943లో కట్టినవి; రెడ్ శాండ్సు, షివరింగ్ శాండ్సు అను చోట్ల అవి తుప్పు పట్టి ఇప్పటికిని నిలిచి యున్నవి. యుద్ధము ముగియగనే ఫిరంగులను విప్పి కొనిపోయిరి. సిమెంటు మాత్రము మోయలేనిది గనుక మిగిలినది.

మన దేశమున ఈ విద్యకు తొలి పాఠశాల మన నగరమే. భారతీయ సైనికులకు విమాన విధ్వంసక శిక్షణ 1940లో కొలాబాలో ఆరంభమై, 1941లో కరాచీకి తరలినది. ఆ శాఖయే 1994లో ప్రత్యేక దళముగా వేరుపడి, నేడు సైన్యపు గగన రక్షణ దళముగా వ్యవహరింపబడుచున్నది.

1942: తూర్పు తీరము

ఫిరంగులు ఆపదకు ముందు వచ్చునా, తరువాత వచ్చునా యను ప్రశ్నకు మన ఆంధ్ర తీరము సమాధానము చెప్పుచున్నది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను. మార్చి 8న రంగూను పడిపోయెను. రంగూనులో స్థిరపడిన తెలుగు కూలీలు వేలాదిగా బయలుదేరి, అడవి దారుల నడచి వచ్చిరి. ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారము నాడు కొలంబోపై జపాను విమానములు దాడి చేసెను. మరునాడు, సోమవారము, అడ్మిరల్ ఓజావా నాయకత్వమున బంగాళాఖాతములో తిరుగుచున్న ర్యూజో అను విమాన వాహక నౌక నుండి లేచిన విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసెను. ఆ రోజులలోనే బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకపు ఓడలు మునిగిపోయినవి.

విశాఖ రేవు స్వయముగా చిత్తడి నేల బిడ్డ. ఉప్పుటేటి బురదను త్రవ్వి తీసి, ఆ రేవును 1933లో ఓడలకు తెరచిరి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాదు గారు అచ్చట సింధియా నౌకా నిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన చేసిరి. ఏడాది నిండకుండగనే బాంబులు పడినవి. తూర్పు తీరపు రేవులకు ఆనాడు తగిన విమాన విధ్వంసక ఫిరంగులు లేవు. పట్టణ ప్రజలు మూటలు కట్టుకొని పల్లెలకు తరలిరి. ఆ భయము కలిగిన పిమ్మటనే రక్షణ ఏర్పాట్లు ముమ్మరమైనవి. శత్రువు దిగినచో తుపాకులు పేల్చుటకై ఒడ్డున కట్టిన సిమెంటు గూళ్లు విశాఖ సముద్రతీరమున ఇసుకలో ఒరిగి కనిపించుచున్నవి. కోస్టల్ బ్యాటరీ అను పేరు నేటికిని ఆ ఊరి వారి నోట నిలిచి యున్నది. నాడు పడి ప్రేలని బాంబు యొకటి విశాఖ మ్యూజియములో చూడవచ్చును. ఆ నౌకా కేంద్రము నుండి తొలి ఓడ జల ఉష 1948 మార్చి 14న పండిత నెహ్రూ గారి చేతుల మీదుగా నీటిలోనికి దిగినది.

ఇందువలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. రక్షణ కట్టడములు జరిగిపోయిన ఆపదకు గుర్తులు. రాబోవు ఆపద మరియొక దారిన వచ్చును. ఈ మాటకు మన బొంబాయియే ప్రబల నిదర్శనము.

దీపములార్పిన చాళ్లు

విశాఖ వార్త బొంబాయి చేరగనే ఇచ్చటను గుండెలు జారినవి. దీపముల నియంత్రణ కఠినమైనది. వీధి దీపములకు మూతలు, కిటికీ అద్దములకు కాగితపు పట్టీలు, చాలు మెట్ల క్రింద ఇసుక బకెట్లు. ఎ.ఆర్.పి. వారు ఈల వేసినచో లాంతరు వత్తి తగ్గింపవలెను. పొయ్యిలోని నిప్పు సైతము బయటికి కనిపింపరాదు. సైరను మ్రోగినప్పుడు పిల్లలను మెట్ల క్రింద కూర్చుండబెట్టి, దేవుని తలచుకొనెడివారమని మా పెద్దలు చెప్పగా విన్నాము. 160 చదరపు అడుగుల గదిలో దాగుకొనుటకు మరి చోటెక్కడ?

అనేకులు ఆడవారిని, పిల్లలను దేశమునకు పంపివేసిరి. విశాఖ వారు సముద్రమునకు వెరచి లోపలి పల్లెలకు పోవుచుండగా, బొంబాయి కామాఠీలు పాలమూరు దారి పట్టిరి. మగవారు మాత్రము ఉండిపోయిరి. మిల్లు ఆగదు, రేవు ఆగదు. 1942 ఆగస్టు 8న మన పేటలకు దగ్గరనే యున్న గోవాలియా ట్యాంకు మైదానమున క్విట్ ఇండియా తీర్మానము జరిగినది. 1943 మే నెలలో బియ్యము, గోధుమలకు రేషను కార్డులు వచ్చినవి. ఆకాశము వైపు ఫిరంగులు నోరు తెరచి చూచుచునే యుండినవి. జపాను విమానము మాత్రము ఏనాడును బొంబాయి మీదికి రాలేదు.

1944 ఏప్రిల్ 14

ఆపద రేవు లోపల నుండి వచ్చినది. ఫోర్ట్ స్టికీన్ అను 7,142 టన్నుల ఓడ 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుండి బయలుదేరి, కరాచీ మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి చేరి విక్టోరియా డాకులో నిలిచినది. దాని గర్భమున సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములు, కరాచీలో ఎక్కించిన 8,700 పత్తి బేళ్లు, నూనెలు, కలప, 31 పెట్టెలలో 124 బంగారు కడ్డీలు. పత్తిని, మందుగుండును ఒక్క ఓడలో పేర్చుట ఎంత ప్రమాదమో ఇంటి ఇల్లాలికైనను తెలియును. యుద్ధపు తొందరలో శాంతికాలపు నియమములు సడలింపబడినవి. శాంతికాలమున ప్రేలుడు పదార్థముల ఓడను డాకు లోపలికి రానిచ్చెడివారు కారు.

శుక్రవారము మధ్యాహ్నము, కూలీలు భోజనముల నుండి తిరిగి వచ్చిన వేళ, ఓడ నుండి పొగ వెడలుట కనబడినది. అగ్నిమాపక దళము వారు 900 టన్నుల నీరు కుమ్మరించిరి. నిప్పు ఎక్కడ నున్నదో దొరకలేదు. సాయంకాలము 4 గంటల 6 నిమిషములకు ఓడ ప్రేలినది. సుమారు అరగంటకు రెండవమారు, మరింత భయంకరముగా ప్రేలినది. సుమారు 1,700 కిలోమీటర్ల దూరమున సిమ్లాలోని భూకంప యంత్రము ఆ అదురును గుర్తించినది. చెంతనున్న పది పదునొకండు ఓడలు మునిగెను లేక పాడయ్యెను. సింధియా వారి జలపద్మ అను ఓడ నీటి నుండి లేచి, గోదాము కప్పు మీద వెనుక భాగము ఆనించి నిలిచిపోయినది. మండుచున్న పత్తి గాలిలో ఎగిరి, రేవు చుట్టునున్న గోదాముల మీదను, పేదల గుడిసెల మీదను నిప్పుల వానగా కురిసినది. కామాఠీపురములో తలుపులు తమంత తామే తెరచుకొన్నవనియు, జపాను వాడు వచ్చినాడని జనము వీధులలో పరుగులిడిరనియు మా నాయనమ్మ చెప్పెడిది. అందరు ఆకాశము వైపే చూచిరట. అచ్చట విమానము లేదు, కారుపొగ మాత్రమే.

ఒక బంగారు కడ్డీ మైలు దూరమునకు ఎగిరి, ఒక పార్సీ పెద్దమనిషి ఇంటి కప్పును చీల్చుకొని లోపల పడినది. ఆయన దానిని నిజాయితీగా తిరిగి అప్పగించి, తనకు లభించిన బహుమతి సొమ్మును బాధితుల నిధికి ఇచ్చివేసెను. ఆ కడ్డీ బరువు 28 పౌనులని చెప్పుదురు. సరిగా విమాన విధ్వంసక ఫిరంగి గుండు బరువే. శత్రువు కొరకు సిద్ధపరచిన గుండ్లు గుంటలలో నుండగా, మన రేవు నుండియే ఎగిరిన లోహము మన ఇండ్ల మీద పడినది.

పద్దుకెక్కని వారు

మంటలు అదుపులోనికి వచ్చుటకు మూడు దినములు పట్టినది. తరువాత 8,000 మంది ఏడు నెలలు శ్రమించి, సుమారు 5 లక్షల టన్నుల శిథిలములను తొలగించి రేవును తిరిగి నడిపించిరి. 80,000 మంది నిలువ నీడ కోల్పోయిరని అంచనా. వార్తను ప్రభుత్వము తొక్కిపట్టినది. జపాను వారి అధీనములో నున్న సైగాను రేడియో మరునాడే ఈ ప్రమాదమును గూర్చి చెప్పగా, మన పత్రికలకు వివరములు ప్రకటించు అనుమతి మే రెండవ వారము వరకు దొరకలేదు. తన తండ్రి ఏమాయెనో తెలియక పల్లెలో ఎదురుచూచు పిల్లకు నెల దినములు ఏ పత్రికయు సమాధానము చెప్పలేదు.

చనిపోయిన వారెందరు? 800కు పైగా అని కొందరు, 1,300 వరకు అని కొందరు. అగ్నిమాపక దళము వారు మాత్రము 66 మంది అని కచ్చితముగా తెలియును. వారి పేర్లు తెలియును. బైకుల్లాలోని అగ్నిమాపక కేంద్రమున వారికి స్మారకము కలదు. ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతటను అగ్నిమాపక వారోత్సవము జరుపబడుచున్నది. ఇది న్యాయము. ఆ వీరులకు మేమును చేతులు మోడ్చుచున్నాము.

అయినను 800కును 1,300కును నడుమ 500 ప్రాణముల తేడా ఎట్లు వచ్చినది? జీవితకాలమంతయు గుమస్తాగిరిలో గడపిన మాకు ఈ ప్రశ్న నిదురపట్టనీయదు. కొలువులో నున్నవాడు హాజరు పట్టీలో నుండును. మరునాడు రానిచో పట్టీ అడుగును. ఆ కాలమున రేవు కూలీలలో ఎక్కువమంది ఏనాటికి ఆనాడు ముకద్దము పిలిచినచో పనికి పోయినవారు. వారి పేరు ముకద్దము నోటిలో నుండెను గాని పుస్తకములో లేదు. ముకద్దము కూడ మరణించినచో ఆ పేరు ఏమగును? రేవు కూలీలను పద్దులోనికి ఎక్కించి, పని క్రమపరచు చట్టము 1948లో వచ్చినది. బొంబాయి డాకు లేబరు బోర్డు 1951లో ఏర్పడినది. అనగా నాలుగేండ్లు ఆలస్యముగా చట్టము, ఏడేండ్లు ఆలస్యముగా బోర్డు. విశాఖలో బాంబుల తరువాత సిమెంటు వచ్చినట్లే, ఇచ్చట ప్రేలుడు తరువాత హాజరు పట్టీ వచ్చినది. రెండింటిలో హాజరు పట్టీయే గొప్ప రక్షణయని మేము తలంచుచున్నాము. మనిషి ఉన్నాడని ఒప్పుకొనుటయే వానిని కాపాడుటకు మొదటి మెట్టు కదా.

మన కర్తవ్యము

నేడు ఆ కాలపు గుర్తులు వేగముగా చెరిగిపోవుచున్నవి. తూర్పు తీరమున మాహుల్, తుర్భే వైపు చిత్తడి నేలలు 1950 తరువాత నూనె శుద్ధి కర్మాగారములకు ఆటపట్టులైనవి. శివడీ బురద మైదానము మీదుగా 2024 జనవరి 12న అటల్ సేతు తెరువబడినది. వర్లీలో పాత చాళ్లను కూల్చి మేడలు కట్టు పని 2021లో ఆరంభమై, 2025 ఆగస్టు 14న 556 కుటుంబములకు కొత్త ఇండ్ల తాళపు చెవులు అందినవి. కామాఠీపురమునకును పునర్నిర్మాణ యోజనలు సిద్ధమైనవి. కొత్త ఇండ్లు రావలెను. మన ఆడపడుచులు నీటి కొరకు వరుసలో నిలువరాదు. చాలు గోడలు నిలుపుమని మేము కోరము. గోడలతో పాటు అందులో బ్రదికిన వారి కథ పోరాదని మాత్రమే మా ప్రార్థన.

థేమ్సు ఒడ్డున సిమెంటు గుంటలను లెక్కించి, పటములు గీసి భద్రపరచు వారు కలరు. విశాఖ బాంబు మ్యూజియములో కలదు. మనకు అట్టి సిమెంటు లేదు. మనకున్నది నోటి మాట. 1944 నాటికి పదేండ్ల వయస్సు గలవారు నేడు తొంబది దాటినవారు. అట్టి పెద్దలు ఇంటనున్నచో ఈ నెలలోనే వారి కడ కూర్చుండవలెను. తాత పేరు, వచ్చిన ఊరు, ఏ గల్లీ, ఏ చాలు, గది నంబరు, ఏ మిల్లు లేక ఏ డాకు, ముకద్దము ఎవరు, 1942లో దేశమునకు పోయినవారెవరు, 1944 ఏప్రిల్ 14 సాయంకాలము ఇంటికి తిరిగి వచ్చినవారెవరు, రానివారెవరు అని అడిగి తెలుగులో ఒక పుటపై వ్రాయవలెను. తెలుగు అక్షరములు రాని మనుమలు, మనుమరాండ్రు మరాఠీలోనో, హిందీలోనో వ్రాసినను మేలే. పాత రేషను కార్డు, పోస్టు కార్డు, ఛాయాచిత్రము దొరికినచో దానికి ప్రతి తీయించి జత చేయవలెను. మన సంఘము ఈ పుటలన్నింటిని ఒక పుస్తకముగా కూర్చి, వరుస సంఖ్యలు వేసి భద్రపరచుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఒక మంచి పుస్తకము, ఒక బీరువా, వారమునకు రెండు గంటలు కూర్చుండు ఓపిక గల ఒక మనిషి చాలును.

దేశము నుండి వచ్చి ఈ బురద నేలను ఊరుగా మార్చిన వారి పేర్లు ముకద్దము నోటితో పోరాదు. నాడు హాజరు పట్టీ లేకపోయినది. దానిని ఆలస్యముగానైనను మనము వ్రాయవచ్చును.